"ఆడితే ఏమొస్తది?": మన ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు కథ

నేను తరిగొప్పుల నుంచి మాట్లాడుతున్నాను. మా జనగామ జిల్లా అంటే అందరికీ సాయుధ పోరాటమే యాదికొస్తది, నేనూ ఈ చానల్‌లో ఎక్కువగా దాని మీదనే మాట్లాడిన. ఈసారి ఫుట్‌బాల్ గురించి మాట్లాడుదామని కూర్చున్న. అది కూడా ఆడపిల్లల ఫుట్‌బాల్. నవ్వకండి, ఇది కూడా చరిత్రే.

ఎందుకు మొదలైందో చెప్తాను. 2025 జూలై 5, శనివారం. మా అక్కోళ్లింట్ల ఉన్న. పత్తిల కలుపు తీసే రోజులు, అక్క చేన్లకెళ్లి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నది. మా మేనకోడలు ఫోన్ పట్టుకొని మూలకు కూసున్నది. తొమ్మిదో తరగతి పిల్ల. ఒక్కసారి లేచి "మామా, మనోళ్లు గెలిచిండ్రు!" అని అరిచింది. క్రికెట్ అనుకున్న. కాదు. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మైలో భారత మహిళల ఫుట్‌బాల్ జట్టు థాయ్‌లాండ్‌ను వాళ్ల దేశంలోనే 2-1తో ఓడించింది. రెండు గోల్స్ కూడా సంగీతా బాస్‌ఫోర్ కొట్టినవే. ఆ గెలుపుతోటి 2026 ఆసియా కప్‌కు మన జట్టు అర్హత సాధించింది. అర్హత పోటీలు ఆడి, గెలిచి ఆసియా కప్‌కు పోవడం మన ఆడపిల్లలకు అదే మొదటిసారి.

నాకు అదంతా ఆ క్షణాన తెల్వదు. నాకు తెలిసింది ఒక్క పేరు. జట్టు జాబితాలో "సౌమ్య గుగులోతు" అని ఉంది. మా దిక్కు తండాల్లో గుగులోతు అనే ఇంటిపేరు ఎరుగనివాళ్లు ఉండరు. నాతోటి బడికి వచ్చినోళ్లలో ఉన్నరు, గ్రామపంచాయతీలల్ల ఉన్నరు. ఆ పేరు దేశపు జట్టులో ఉంది. మేనకోడలు అన్నది, "మామా, నేను కూడా ఫుట్‌బాల్ ఆడుత." అక్క తుండుతో కాళ్లు తుడుచుకుంటనే ఒక మాట అడిగింది: "ఆడితే ఏమొస్తది తమ్మీ?"

నేను జవాబు చెప్పలేకపోయిన. అక్క ఎకసెక్కానికి అడగలేదు, నిజంగనే అడిగింది. ఆ జవాబు వెతుక్కుంట పోతేనే ఈ ఎపిసోడ్ తయారైంది.

మగవాళ్ల సంగతి ముందు చూద్దాం. మన హైదరాబాద్‌లో "ఫుట్‌బాల్ ఆడితే ఏమొస్తది" అని అడిగితే ఒకప్పుడు జవాబు ఉండేది: నౌకరీ వస్తది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. దాని వెనుక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడి పంతులు. అదే రహీం సాబ్ భారత జట్టుకు శిక్షకుడిగా 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చిండు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకపోయిండు. సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లగాడు తులసీదాస్ బలరాం ఆ కాలపు ఆటగాడే. పల్టన్లు, పోలీసు, రైల్వేలు, ఆఫీసు జట్లు, వీటన్నిటిలో ఆటకు జీతం ఉంది. ఇంట్లోవాళ్లు కూడా కాదనేవాళ్లు కాదు.

ఆడవాళ్లకు అప్పుడు అటువంటి జట్టూ లేదు, ఆట పేరు మీద నౌకరీ లేదు. రహీం సాబ్ నగరం, ఆసియాకే ఫుట్‌బాల్ నేర్పిన నగరం, తన ఆడపిల్లలకు మాత్రం బంతి ఇవ్వలేదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి గొప్పలు చెప్పుకునేటప్పుడు మనం ఈ ముక్క ఎప్పుడూ వదిలేస్తాం.

అట్లని ఇది మన ఒక్కళ్ల తప్పు కాదు. ఫుట్‌బాల్ పుట్టినిల్లు ఇంగ్లండే చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు యుద్ధానికి పోతే ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లు పనిచేసిండ్రు. ప్రెస్టన్‌లో డిక్, కెర్ ఫ్యాక్టరీ ఆడవాళ్లు ఒక జట్టు కట్టిండ్రు. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్ గుడిసన్ పార్క్‌లో వాళ్ల ఆట చూడడానికి 53,000 మంది వచ్చిండ్రు. ఏడాది తిరగకముందే, 1921 డిసెంబర్ 5న, అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ తన సభ్య క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్లు ఆడొద్దని నిషేధం పెట్టింది. ఈ ఆట ఆడవాళ్లకు పనికిరాదన్నరు. ఆ నిషేధం దాదాపు 50 ఏండ్లు నడిచింది. బ్రెజిల్‌లోనైతే 1941 నుంచి 1979 దాకా చట్టమే అడ్డం. పశ్చిమ జర్మనీలో 1955 నుంచి 1970 దాకా ఫుట్‌బాల్ సమాఖ్యే నిషేధం పెట్టింది. జనం చూడలేదు కాబట్టి ఆట ఎదగలేదు అనేవాళ్లు ఉంటరు గదా, వాళ్లకు ఆ 53,000 మంది లెక్క చెప్పాలి. జనం చూసిండ్రు. అందుకే ఆపిండ్రు.

మన దేశానికి వద్దాం. 1975లో భారత మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. ఇది మగవాళ్ల ఫుట్‌బాల్‌ను నడిపే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యలో భాగం కాదు, వేరే. అంటే పెద్దింటి గుర్తింపు లేదు, పైసలూ లేవు. అయినా 1980 జనవరిలో కేరళలోని కోజికోడ్‌లో ఆసియా మహిళల పోటీ జరిగితే మన దేశం రెండు జట్లను దింపింది, అందులో ఒకటి ఫైనల్ దాకా పోయింది. ఫైనల్‌లో తైవాన్ చేతిలో 2-0తో ఓడింది. ఈ తైవాన్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తది. 1981లో హాంకాంగ్‌లో మూడో స్థానం. 1983లో బ్యాంకాక్‌లో మళ్లీ ఫైనల్, థాయ్‌లాండ్ చేతిలో ఓటమి. అదే ఏడాది బెంగాల్ ఆటగత్తె శాంతి మల్లిక్‌కు అర్జున అవార్డు వచ్చింది, మహిళా ఫుట్‌బాల్‌లో మొదటిది.

1983 అంటే మన మగవాళ్లు ప్రుడెన్షియల్ కప్ గెలిచిన ఏడాది. కపిల్ దేవ్ కప్పు ఎత్తిన ఫొటో ప్రతి ఇంట్ల ఉంది. ఆసియాలో రెండో స్థానంలో నిలిచిన ఆడపిల్లల జట్టు ఫొటో మీలో ఎవరన్నా చూసిండ్రా? నేను ఈ ఎపిసోడ్‌కు తయారయ్యేదాకా చూడలేదు.

ఆ తర్వాత 1990ల మొదట్లో మహిళల ఆట అఖిల భారత సమాఖ్య చేతికి వచ్చింది. పెద్దింటికి పోయినంక బాగుపడాలి గదా? కాలేదు. ఆ దశాబ్దమంతా ఆటను బతికించింది ఎక్కువగా మణిపూర్. జాతీయ పోటీల్లో మణిపూర్‌దే రాజ్యం. అక్కడి ఓయినామ్ బెంబెం దేవి చిన్నప్పటి నుంచి మగపిల్లలతో ఆడి పెరిగింది, దేశానికి కెప్టెన్ అయింది, మణిపూర్ పోలీసులో నౌకరీ చేసింది. 2017లో అర్జున, 2020లో పద్మశ్రీ. మణిపూర్‌లో మా అక్క ప్రశ్నకు జవాబు ఉంది, చూసిండ్రా? అక్కడ ఆడితే పోలీసు నౌకరీ వస్తది. మన దగ్గర మగవాళ్లకు 1950లలో ఉన్న జవాబు అక్కడ ఆడవాళ్లకు దొరికింది.

జట్టు మాత్రం పెద్దగా ఆడలేదు. ఓడిపోయింది అనడం లేదు, ఆడలేదు అంటున్న. మ్యాచ్‌లే పెట్టలేదు. 2009లో ఫిఫా మన జట్టును ర్యాంకింగ్ జాబితాలోంచి తీసేసింది, 18 నెలలకు పైగా ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ కూడా ఆడలేదని. నూట పది కోట్లకు పైగా జనం ఉన్న దేశం, ఏడాదిన్నరలో ఒక్క మ్యాచ్ లేదు. ఓడితేనన్నా ఎక్కడ తక్కువున్నమో తెలుస్తది. ఆడకపోతే ఏం తెలుస్తది?

2010 నుంచి కొంచెం కదలిక. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌లో మొదటి దక్షిణాసియా పోటీ, శాఫ్ అంటరు, మనమే గెలిచినం. 2012, 2014, 2016, 2019, వరుసగా అయిదు. 2016-17లో ఇండియన్ విమెన్స్ లీగ్ మొదలైంది.

ఇక్కడ పక్క దేశం ముచ్చట చెప్పాలె. ఎందుకంటే మా ఊరికి పనికొచ్చే ముచ్చట అది. బంగ్లాదేశ్ ఆడవాళ్ల జట్టు మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఆడిందే 2010లో. అంటే మనం ఆసియాలో రెండోసారి రెండో స్థానానికి వచ్చిన 27 ఏండ్ల తర్వాత. వాళ్లేం చేసిండ్రు? 2011లో ప్రాథమిక పాఠశాలల ఆడపిల్లలకు దేశమంతటా ఫుట్‌బాల్ టోర్నీ పెట్టిండ్రు. మైమెన్‌సింగ్ జిల్లాలో, మేఘాలయ సరిహద్దు దగ్గర కల్‌సిందూర్ అనే ఊరుంది. ఆ ఊరి బడి పిల్లలు ఆ టోర్నీ గెలుచుడు మొదలుపెట్టిండ్రు. గారో గిరిజన పిల్ల మరియా మాండా, సంజిదా అఖ్తర్, ఇట్లా ఒకళ్ల వెనుక ఒకళ్లు దేశపు జట్టులోకి పోయిండ్రు. 2022 సెప్టెంబర్ 19న కాఠ్మాండులో నేపాల్‌ను 3-1తో ఓడించి బంగ్లాదేశ్ శాఫ్ కప్ గెలిచింది. ఢాకాలో పైకప్పు లేని బస్సు మీద ఊరేగించిండ్రు. ఆ టోర్నీలో మన జట్టు సెమీఫైనల్‌లోనే ఇంటికొచ్చింది. 2024లో కప్పు మళ్లీ వాళ్లదే.

కల్‌సిందూర్‌లో స్టేడియం లేదు. బడి ఉంది, బడి ముందర మైదానం ఉంది, పిల్లలను పట్టుకొని ఆడించిన పంతుళ్లు ఉన్నరు. తరిగొప్పులలో ఏం తక్కువ అని నేను అడుగుతున్న. 2016లో జిల్లాల విభజనతో మండల కేంద్రం కూడా అయింది.

మన జట్టు వైపు 2022 ఇంకో దెబ్బ. ఆ జనవరిలో ఆసియా కప్ మన దేశంలోనే, నవీ ముంబైలో. ఇరాన్‌తో మొదటి మ్యాచ్ 0-0. రెండో మ్యాచ్ చైనీస్ తైపీతో, అంటే అదే తైవాన్‌తో, జనవరి 23న. జట్టులో కరోనా వ్యాపించింది. ఆడడానికి కావలసిన 13 మంది కూడా మిగలలేదు. మ్యాచ్ జరగలేదు, నిబంధనల ప్రకారం జట్టు టోర్నీ నుంచి తప్పుకున్నట్టే లెక్కగట్టిండ్రు. ఆ టోర్నీ నుంచే ప్రపంచ కప్‌కు దారి. సొంత దేశంలో, హోటల్ గదుల్లో, తలుపులు మూసుకొని ఆ పిల్లలు దాన్ని పోగొట్టుకున్నరు. ఆటలో ఓడితే ఒక తీరు. ఇది వేరే.

ఇప్పుడు సౌమ్య దగ్గరికి వద్దాం. నిజామాబాద్ జిల్లా పిల్ల. 2001లో పుట్టింది. మొదట పరుగు పందేల్లో ఉరికేది, ఆ వేగం చూసిన శిక్షకుడు ఫుట్‌బాల్ వైపు తిప్పిండు. నిజామాబాద్ మట్టిలో ఏముందో గాని బాక్సింగ్‌లో నిఖత్ జరీన్, హాకీలో యెండల సౌందర్య, ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, అందరూ ఆ జిల్లా ఆడపిల్లలే. సౌమ్య గోకులం కేరళకు ఆడింది. 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ క్లబ్బుకు పోయింది, మధ్యప్రదేశ్ పిల్ల జ్యోతి చౌహాన్‌తో కలిసి. తర్వాత కోల్‌కతా ఈస్ట్ బెంగాల్. 2024-25లో ఈస్ట్ బెంగాల్ విమెన్స్ లీగ్ గెలిచింది, ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా సమాఖ్య సౌమ్యనే ఎంచుకున్నది. 2025 జూన్ 23న ఆసియా కప్ అర్హత పోటీల్లో మంగోలియాను మనం 13-0తో ఓడిస్తే అందులో రెండు గోల్స్ సౌమ్యవి. తర్వాత తిమోర్ లెస్తెపై 4-0, ఇరాక్‌పై 5-0, చివరికి ఆ థాయ్‌లాండ్ మ్యాచ్. థాయ్‌లాండ్ రెండు ప్రపంచ కప్‌లు ఆడిన జట్టు. సరిగ్గా మూడు రోజుల ముందు, జూలై 2న, బంగ్లాదేశ్ మయన్మార్‌ను 2-1తో ఓడించి తన మొదటి ఆసియా కప్‌కు అర్హత సాధించింది. ఆ రెండు గోల్స్ కూడా ఒక్క పిల్లనే కొట్టింది, రీతుపర్ణ చక్మా, కొండ ప్రాంతపు గిరిజన పిల్ల.

ఇదంతా నేను అక్కకు చెప్పిన, మొత్తం కాదు గాని చెప్పిన. సంగీతా బాస్‌ఫోర్ సశస్త్ర సీమా బల్‌లో నౌకరీ చేస్తదని చెప్పినప్పుడే అక్క తల ఎత్తి చూసింది. "సర్కారు నౌకరీయేనా?" అన్నది. అవునన్న. "అయితే మంచిదే" అన్నది. 53,000 మంది ముచ్చటకు అంత స్పందన రాలేదు, దాపరికం ఎందుకు.

మేనకోడలు చదివే బడిలో ఒకటే బంతి ఉందంట, అది మగపిల్లలకే ఇస్తరంట. ఆడపిల్లలు అడిగితే రింగ్ ఇచ్చిండ్రు, టెన్నికాయిట్ ఆడుకోమని. జనగామ పోయి నేనే ఒక బంతి కొనిచ్చిన, అయిదో నంబరుది. ఇప్పుడు సాయంత్రం ఏడుగురు ఆడుతున్నరు, అందులో ముగ్గురు తండా పిల్లలు. గోల్ పోస్టులకు రెండు చెప్పుల జతలు. ఆట సరిగ్గా రాదు, అందరూ బంతి వెంబడే ఉరుకుతరు. నేను పక్కన నిలబడి అరుస్తుంటా. నాకూ పెద్దగా తెల్వదు.

ఆసియా కప్ 2026 మార్చిలో, ఆస్ట్రేలియాలో. మన గ్రూపులో జపాన్, వియత్నాం, చైనీస్ తైపీ. అవును, అదే తైవాన్, 1980 ఫైనల్‌లో ఓడించింది, 2022లో ఆడకుండానే మన చేతిలోంచి పోయింది. మార్చి 4న పెర్త్‌లో వియత్నాంతో, 7న జపాన్‌తో, 10న సిడ్నీలో తైవాన్‌తో. మా అక్కోళ్ల గోడ మీద క్యాలెండర్‌లో పదో తారీఖు చుట్టూ పెన్నుతోటి గుండ్రంగా గీసి ఉంది. ఎవరు గీసిండ్రో నేను అడగలేదు.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. మీ ఊర్ల ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే కింద రాయండి, ఎక్కడ ఆడుతరో, ఎవరు నేర్పుతరో.