గడ్డం తొండకి ఎండ కూడా తిండే

డాలస్‌లో ఉండే మిత్రుడొకడు ఆ మధ్య ఫోన్ చేశాడు. వాళ్ళమ్మాయి ముచ్చటపడి కొనిపించుకున్న బేర్డెడ్ డ్రాగన్ పిల్ల కాళ్ళు వణికి నిలబడలేకపోతోందట. డాక్టరు ఎక్స్‌రే తీసి ఎముకలు మెత్తబడ్డాయన్నాడు. "రోజూ కడుపునిండా కీచురాళ్ళు పెడుతున్నాం కదరా, ఇంకేం తక్కువైంది?" అని మావాడి గోల. నాకు ఈ జవాబు లండన్ జూలోనూ, బెర్లిన్‌లోనూ దొరికింది.

పేరు చూసి హడలిపోకండి. మన కంచెల మీద తల ఊపే తొండకి ఇది దగ్గర చుట్టమే, రెండిటిదీ ఒకటే కుటుంబం. సొంతూరు ఆస్ట్రేలియా లోపలి ఎండు ప్రాంతాలు. వానలు పడ్డాక అక్కడ ఉసిళ్ళు లేస్తే పండగ చేసుకుంటుంది. ఆ దేశం 1960ల నుంచే తన వన్యప్రాణుల్ని అమ్మకానికి బయటకి పంపడం ఆపేసింది. కాబట్టి అమెరికా ఇళ్ళలో కనిపించేవి దాదాపు అన్నీ పెట్టెల్లో పుట్టి పెట్టెల్లో పెరిగిన తరాలే.

ఇక సింహాల కథ. 1889లో లండన్ జూలో సింహం పిల్లలు రికెట్స్‌తో చచ్చిపోతుంటే జాన్ బ్లాండ్ సటన్ అనే సర్జన్‌ని సలహా అడిగారు. వాటికి పెడుతున్నది ఎముకల్లేని గుర్రం మాంసం. మాంసం తినే జంతువుకి మాంసమే పెడుతున్నాం కదా అని జూ వాళ్ళ లాజిక్ (మావాడిదీ సరిగ్గా అదే). ఎముకల పొడి, పాలు, కాడ్ లివర్ ఆయిల్ కలిపి పెట్టమన్నాడాయన. మూడు నెలల్లో పిల్లలు లేచి తిరిగాయి. ఎందుకు తిరిగాయో మాత్రం ఇంకో 30 ఏళ్ళదాకా ఎవరికీ తెలీదు. బగ్ ఫిక్సయింది, రూట్ కాజ్ దొరకలేదు :)

1919లో రెండు జవాబులొచ్చాయి, ఒకదానికొకటి పొసగనివి. ఇంగ్లండులో ఎడ్వర్డ్ మెలన్‌బీ కుక్కపిల్లల్ని ఇంట్లోనే ఉంచి, జావలాంటి తిండి పెట్టి రికెట్స్ తెప్పించాడు, కాడ్ లివర్ ఆయిల్‌తో ఆపాడు. అంటే లోపం తిండిలో. బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అసలు తిండి జోలికే పోలేదు. జబ్బు పిల్లలకి పాదరసపు దీపం వెలుతురు పట్టాడు, ఎముకలు గట్టిపడ్డాయి. నాకు బాగా నచ్చిన ముక్క ఏంటంటే, ఒక చేతికే వెలుతురు పట్టినా రెండో చెయ్యీ నయమైంది. చర్మంలో తయారైనదేదో ఒళ్ళంతా తిరుగుతోందన్నమాట. 1922లో మెక్‌కాలమ్ నూనెలోని ఆ పదార్థానికి విటమిన్ డి అని పేరు పెట్టాడు. నూనెలో ఉన్నదీ, ఎండ తయారుచేసేదీ ఒకే పని చేస్తాయని ఆ దశాబ్దంలోనే తేలిపోయింది.

ఇప్పుడు మావాడి కీచురాళ్ళ దగ్గరకొద్దాం. వాటిలో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ చాలా రెట్లెక్కువ. పిల్ల తొండ తిండిలో ఎక్కువ భాగం పురుగులే కాబట్టి (పెద్దయ్యాక ఆకుకూరలకి మళ్ళుతుంది) పురుగుల మీద కాల్షియం పొడి చల్లి పెట్టాలి. ఎముకల పొడి స్థానంలో ఇదన్నమాట. పురుగు సైజు దాని రెండు కళ్ళ మధ్య దూరాన్ని దాటకూడదు. ఇంత చేసినా, ఒంట్లో విటమిన్ డి లేకపోతే ఆ కాల్షియం ఒంటబట్టదు. అందుకే యూవీబీ దీపం. మావాడి పెట్టెలో ఉన్నది ఉత్త వేడి బల్బు, అందులో యూవీబీ రాదు. కిటికీ పక్కన పెట్టామన్నాడు, మామూలు గాజు యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. అమ్మినవాళ్ళు దీపం ఊసే ఎత్తలేదట. హుల్డ్‌షిన్‌స్కీ తర్వాత వందేళ్ళకి కూడా ఇదీ మన కస్టమర్ సర్వీసు.

ఇంకోటి. వేసవి సాయంత్రాలు అమెరికాలో పిల్లలు మిణుగురుల్ని పట్టుకుంటారు కదా, వాటిని మాత్రం తొండకి పెట్టనివ్వకండి. అక్కడి మిణుగురుల్లో గుండెని దెబ్బతీసే విషం ఉందనీ, అవి తిని ఈ జాతి తొండలు చచ్చిపోయాయనీ 1999లో పరిశోధకులు రాశారు. ఒక్క పురుగు చాలు.