గాజుగోడకు ఇరువైపులా: ఫార్న్స్‌వర్త్ గృహం – ‘లె బేజే’ వీడియో ఇన్‌స్టలేషన్

ఇరవయ్యో శతాబ్దపు ఆధునిక వాస్తుశిల్పులు గాజును కేవలం కట్టడపు సామగ్రిగా చూడలేదు. లోపలికీ బయటికీ నడుమ ఉన్న అడ్డును తొలగించే సాధనంగా భావించారు. ఆ భావన పరాకాష్ఠ నందుకొన్న కట్టడాల్లో ఫార్న్స్‌వర్త్ గృహం ఒకటి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, ప్లానో పట్టణ సమీపాన, ఫాక్స్ నది ఒడ్డున, చికాగో వైద్యురాలు ఈడిత్ ఫార్న్స్‌వర్త్ కోసం మీస్ వాన్ డెర్ రోహ్ దీనిని రూపొందించారు. నిర్మాణం 1951లో పూర్తయింది. ఎనిమిది ఉక్కు స్తంభాలు, నేలకు సుమారు 5 అడుగుల ఎత్తున గచ్చు, నాలుగు వైపులా గాజు. బయటినుంచి చూస్తే ఇల్లంతా ఇంతే.

ఖర్చుల విషయమై ఆ ఇద్దరూ కోర్టుకెక్కిన కథ పలువురు చెప్పినదే. అంతకంటె విలువైనది ఆమె ఫిర్యాదు. తొట్టి కింద చెత్తబుట్ట పెట్టాలన్నా బయటినుంచి ఎలా కనబడుతుందోనని ఆలోచించవలసి వస్తోందని 1953లో ‘హౌస్ బ్యూటిఫుల్’ పత్రికతో ఆమె వాపోయారు. పారదర్శకత భారాన్ని మోసింది లోపల నివసించే మనిషేనని దీనివల్ల తెలుస్తుంది.

మాడ్రిడ్‌లో పుట్టి చికాగోలో స్థిరపడిన కళాకారుడు ఇనీగో మాంగ్లానో-ఒవాయె 1999లో ఆ ఇంటినే చిత్రీకరించి ‘లె బేజే’ (ముద్దు) అనే ఇన్‌స్టలేషన్ చేశారు. వేలాడే అల్యూమినియం నిర్మాణంలో వీడియో ప్రదర్శితమవుతుంది. అందులో అద్దాలు తుడిచే పనివాడు స్వయంగా కళాకారుడే. లోపల ఒక యువతి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని సంగీతాన్ని మేళవిస్తుంటుంది. అతని ఉనికిని గమనించదు. కెమెరా బయట ఉన్నప్పుడు తుడుపు చప్పుడు, లోపలికి పోగానే సంగీతం. చూపుకు లేని గోడ చెవికి ఉన్నదని ఈ మార్పు పట్టిస్తుంది. మయసభలో దుర్యోధనుణ్ణి మోసగించినది చూపు. ఇక్కడ చూపు నిజమే, సామీప్యమే అబద్ధం. ముద్దన్న పేరులో పరిహాసమూ లేకపోలేదు: ఆ ఇద్దరి నడుమ స్పర్శ పొందేది గాజు ఒక్కటే.

విమర్శకులు ఈ కృతిని తరచుగా ఏకాంతం, దొంగచూపు అనే కోణాల్లో చదువుతారు. ఆ పఠనం తప్పు కాదు గాని చాలదు. గాజు తనంతట తాను పారదర్శకంగా ఉండదు. ఎవరో రోజూ తుడవాలి. మీస్ కట్టడాల ఛాయాచిత్రాల్లో సాధారణంగా కనబడని ఆ శ్రమ ఇక్కడ తెర మధ్యకు వచ్చింది. ఇదే కళాకారుడి 2006 నాటి ‘ఆల్వేస్ ఆఫ్టర్’ ఈ ఊహను బలపరుస్తుంది. చికాగోలో మీస్ నిర్మించిన క్రౌన్ హాల్‌ను పునరుద్ధరించే వేళ పాత కిటికీలను పగులగొట్టగా, ఆ వీడియోలో కట్టడం దాదాపుగా కనబడదు. నేలమీది గాజుపెంకులు, వాటిని ఊడ్చే చీపురు మాత్రం కనబడతాయి.