గుండె

ఛాతీలో రెండు ఊపిరితిత్తుల నడుమ, కొంచెం ఎడమకు ఒరిగి ఉండే కండర అవయవం. పరిమాణం పిడికిలంత, పెద్దవారిలో బరువు సుమారు 250–350 గ్రాములు. హృదయావరణం అనే రెండు పొరల త్వచం దీన్ని కప్పి ఉంచుతుంది.

నిర్మాణం: పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. కుడి కర్ణికా జఠరికల మధ్య త్రిపత్ర కవాటం, ఎడమవైపు ద్విపత్ర కవాటం ఉంటాయి. శరీరమంతటికీ రక్తాన్ని నెట్టాలి కాబట్టి ఎడమ జఠరిక గోడ కుడిదానికంటే దాదాపు మూడు రెట్లు మందం.

పనితీరు: చెడు రక్తం కుడివైపుకు చేరి, పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులకు వెళ్తుంది. ఆక్సిజన్ నింపుకొని ఎడమవైపుకు వచ్చి, బృహద్ధమని గుండా ఒళ్లంతా పారుతుంది. కుడి కర్ణిక గోడలోని సిరాకర్ణికా కణుపు విద్యుత్ ప్రేరణ పుట్టిస్తుంది. కర్ణికా జఠరికా కణుపు దాన్ని దాదాపు 0.1 సెకను ఆపి కిందికి పంపుతుంది. ఈలోగా జఠరికలు నిండుతాయి. స్టెతస్కోపులో మొదట వినిపించే ‘లబ్’ కర్ణికా జఠరికా కవాటాలు మూసుకున్న శబ్దం. ‘డబ్’ ధమనుల మొదట్లోని అర్ధచంద్రాకార కవాటాలది. విశ్రాంతిలో నిమిషానికి 72 సార్లు, ఒక్కోసారి 70 మిల్లీలీటర్ల చొప్పున, సుమారు 5 లీటర్ల రక్తం పంపవుతుంది.

చికిత్స: గుండెకు రక్తమిచ్చే హృదయ ధమనులు పూడుకుపోతే గుండెపోటు వస్తుంది. ఛాతీనొప్పి ఎడమ చేతికి, దవడకు పాకడం, చెమటలు పట్టడం దాని లక్షణాలు. ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. గుండె ఆపరేషన్లనూ చేర్చిన ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి.