ముఖాల లెక్క

మొన్న ఆదివారం మా అమ్మాయి కంప్యూటరు ముందునుంచి లేస్తే ఒట్టు! ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. ఫోటో ఎక్కిస్తే అందులో ఎన్ని ముఖాలున్నాయో చెప్పే వెబ్ యాప్ తయారుచేస్తోంది. "పెద్ద గ్రూపు ఫోటో ఏదైనా ఉంటే ఇవ్వమ్మా" అంది. మా అమ్మ పెళ్ళినాటి నలుపు తెలుపు ఫోటో తీసిచ్చాను. క్షణంలో జవాబు వచ్చింది, 19 అని. నేను వేలుపెట్టి లెక్కిస్తే 21.

పక్కకు తిరిగి వంటవాళ్ళకేదో పురమాయిస్తున్న మా పెద్దమ్మనీ, తల్లి భుజంమీద నిద్రపోతున్న పసివాణ్ణీ అది వదిలేసింది. ఎందుకూ అంటే, ఆ కథ చాలా వెనకనుంచి చెప్పాలి.

1960లలో అమెరికాలో ఉడీ బ్లెడ్‌సో అనే ఆయన కంప్యూటరుచేత ముఖాలను పోల్పించాలని చూశాడు. అయితే ఫోటోలో కళ్ళెక్కడో, నోరెక్కడో మనిషే గుర్తుపెట్టి ఇవ్వాలి. యంత్రం దూరాలు లెక్కగట్టేది, అంతే. జపానులోని క్యోటో విశ్వవిద్యాలయంలో టకెయో కనాడె 1973లో తన పరిశోధనా గ్రంథంతో ఆ పనికూడా యంత్రానికే అప్పగించాడు.

అసలు మలుపు 2001లో. పాల్ వయోలా, మైకేల్ జోన్స్ అనే ఇద్దరు కనిపెట్టిన ఉపాయం వింటే మనకు జల్లెడ గుర్తొస్తుంది. మనిషి ముఖంలో కళ్ళ దగ్గర నీడగా, బుగ్గల దగ్గర వెలుగుగా ఉంటుంది కదా! ఫోటోలో ప్రతి గడినీ ముందు ఆ వెలుగునీడలతో జల్లిస్తారు. ముఖం కానిది అక్కడే రాలిపోతుంది. మిగిలినదాన్ని ఇంకో జల్లెడలో వేస్తారు. అలా మొత్తం 38 జల్లెళ్ళు! ఆనాటి మామూలు కంప్యూటరుమీదే సెకనుకు 15 చిన్న బొమ్మలు చూడగలిగింది. దానికి పాఠం చెప్పడానికి వాళ్ళు వాడినవి 4,916 ముఖాలు. అన్నీ నిటారుగా, ఎదురుగా చూస్తున్నవే. మా పెద్దమ్మ ఎందుకు లెక్కలోకి రాలేదో ఇప్పుడు తెలిసిందా? మా అమ్మాయి వాడింది ఆ పాత పద్ధతేనట.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదండీ. అమెరికాలో ఎం.ఐ.టి.లో చదువుతున్న జాయ్ బువొలామ్‌వినీ అనే నల్లజాతి అమ్మాయి ముఖాన్ని ఒక ప్రోగ్రాం అసలు ముఖంగానే గుర్తించలేదు. తెల్లని మాస్కు పెట్టుకుంటే గుర్తించింది! ఆమె టిమ్నిట్ గెబ్రూతో కలిసి 2018లో ఒక పరిశీలన ప్రకటించింది. ముఖాన్నిబట్టి ఆడో మగో చెప్పే ప్రోగ్రాములు తెల్లని మగవాళ్ళ విషయంలో నూటికి ఒక్కసారైనా తప్పలేదు. నల్లని ఆడవాళ్ళ విషయంలో మాత్రం నూటికి 34.7 దాకా తప్పాయి. అలాంటి ప్రోగ్రాములకు పాఠంగా చూపించే ఫోటోల్లో నల్లని ఆడవాళ్ళు బహు తక్కువ.

కొత్త పద్ధతులు ఎన్నో రెట్లు ఎక్కువ ఫోటోలతో నేర్చుకుంటాయి, పక్కకు తిరిగిన ముఖాలనూ చాలావరకు పట్టుకుంటాయి. రాత్రికి మా అమ్మాయి పద్ధతి మార్చింది. 21 వచ్చింది. ఇద్దరం మురిసిపోయాం.

అంతలో మా అమ్మ కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చి చూసి, "ఇరవై రెండు కదే" అంది.

"ఎక్కడమ్మా?"

"అదుగో, గుమ్మం వెనక మా నాయనమ్మ. విధవ ఎదురు రాకూడదని ఫోటోలోకి రానివ్వలేదు. తొంగిచూస్తోంది పాపం."

కళ్ళు చికిలించి చూశాను. తలుపు చాటున కాస్త కొంగు, ఒక కన్ను. ఆ ఫోటో చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. యంత్రాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

ఆ రాత్రే ఫోటో వెనక పేర్లన్నీ రాయడానికి కూర్చున్నాం. పెళ్ళికూతురితో మొదలుపెట్టబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ముందు నాయనమ్మ పేరు రాయి" అంది.