రోగమనే ముద్ర తొలగిన తరువాత: కౌన్సెలింగ్ చరిత్రలో ఒక మలుపు

స్వలింగ ఆకర్షణ గలవారు కౌన్సెలర్‌ను కలిసినప్పుడు ఏం జరుగుతుంది? ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం దీనికి ఒకటే సమాధానం ఉండేది. ఆ ఆకర్షణే రోగం, దానిని మాన్పడమే చికిత్స. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1952లో ప్రచురించిన రోగ వర్గీకరణ గ్రంథం దీనిని వ్యక్తిత్వ రుగ్మతల్లో చేర్చింది. విద్యుత్ షాకులతో విముఖత కలిగించే పద్ధతులను కూడా చికిత్సగానే పరిగణించారు.

ఈ నమ్మకానికి ఆధారమేమిటో విద్యార్థులు గమనించాలి. పూర్వ పరిశోధకులు ఎక్కువగా ఆసుపత్రుల్లో, జైళ్లలో ఉన్నవారినే పరిశీలించారు. బాధలో ఉన్నవారిని మాత్రమే చూసి అందరూ రోగులేనని తేల్చారు. ఈ లోపాన్ని బయటపెట్టింది ఎవెలిన్ హుకర్ అనే మనస్తత్వవేత్త. చికిత్సలో లేని 30 మంది స్వలింగ ఆకర్షణ గల పురుషులకు, మరో 30 మంది ఇతర పురుషులకు ఆమె రోర్షాక్ వంటి పరీక్షలు పెట్టి, పేర్లు లేని ఆ ఫలితాలను నిపుణుల చేతికిచ్చారు. ఏది ఎవరిదో వారు గుర్తించలేకపోయారు. 1957లో వెలువడిన ఈ వ్యాసం నమూనా ఎంపిక ఎంత ముఖ్యమో చెప్పడానికి నేటికీ మంచి ఉదాహరణ.

అయితే ఒక్క వ్యాసంతో వర్గీకరణ మారలేదు. ఫ్రాంక్ కామెనీ, బార్బరా గిట్టింగ్స్ వంటి ఉద్యమకారుల ఒత్తిడి కూడా అవసరమైంది. 1972లో డల్లాస్ సమావేశంలో జాన్ ఫ్రయర్ అనే మానసిక వైద్యుడు ముసుగు, విగ్గు ధరించి, గొంతు మార్చే మైకులో మాట్లాడారు. తానూ స్వలింగ ప్రేమికుడినేనని తోటి వైద్యులకు చెప్పడానికి ఆయనకు ముసుగు కావలసి వచ్చిందంటే, ఇక చికిత్సకు వచ్చినవారి పరిస్థితి ఊహించుకోవచ్చు. 1973 డిసెంబరులో సంఘం ఆ పేరును రోగాల జాబితా నుంచి తొలగించింది. మరుసటి ఏడాది సభ్యుల ఓటింగులో 58 శాతం మంది దీనిని సమర్థించారు. (శాస్త్రీయ విషయాన్ని ఓటుకు పెట్టడమేమిటని ఆనాడే విమర్శ వచ్చింది. కానీ జాబితాలో చేర్చినప్పుడు మాత్రం అంత గట్టి రుజువులు అడిగినవారు తక్కువ.)

పేరు తొలగినంత మాత్రాన కౌన్సెలింగ్ గది మారదు. రోగం కాదని ఒప్పుకుంటూనే మౌనంగా ఉండే కౌన్సెలర్లు చాలామంది. ఆ మౌనం తటస్థత కాదు. ఇల్లు, బడి, వీధి కలిసి సిగ్గు నూరిపోసిన వ్యక్తికి అది మరో తిరస్కారంగానే వినిపిస్తుంది. ఈ అవగాహనతోనే అలన్ మేలియన్ 1982లో స్వీకారాత్మక చికిత్స అనే భావనను ముందుకు తెచ్చారు. నిద్ర పట్టడం లేదని ఒక యువకుడు వచ్చాడనుకుందాం. పాత పద్ధతిలో ప్రశ్న “నువ్వు ఇలా ఎందుకయ్యావు?” అని. కొత్త పద్ధతిలో “ఇంట్లో ఎవరికి తెలుసు? తెలిస్తే నీకు ప్రమాదముందా? ఎవరి దగ్గర ధైర్యంగా ఉండగలవు?” అని. చూపు వ్యక్తి లోపం నుంచి అతని చుట్టూ ఉన్న ఒత్తిడి మీదికి మళ్లింది.

భారతదేశంలో ఈ మార్పునకు న్యాయస్థానాలు ఊపునిచ్చాయి. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో, ఇష్టపూర్వక స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ భాగాన్ని కొట్టివేసింది. 2021లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్, తీర్పు రాసేముందు ఈ విషయం అర్థం చేసుకోవడానికి తానే ఒక మనస్తత్వవేత్త వద్ద కూర్చున్నారు. ఆ పైన, లైంగికతను మార్చే “చికిత్స”లను నిషేధించాలని ఆదేశించారు.

తెలంగాణకు సంబంధించిన ఉదాహరణ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులది. హైదరాబాద్ సంస్థానంలో 1919 నాటి చట్టం వారి పేర్లను రిజిస్టరులో ఎక్కించి, వారెంటు లేకుండానే అరెస్టు చేసే వీలు కల్పించింది. ఆ చట్టాన్ని హైకోర్టు కొట్టివేసింది 2023లోనే. కనుక పోలీసంటే భయమని చెప్పే ట్రాన్స్‌జెండర్ వ్యక్తి మాటను వెంటనే అనుమాన రోగంగా నమోదు చేసే ముందు, కౌన్సెలర్‌కు ఈ చరిత్ర తెలిసి ఉండాలి.