ఆగి ఆగి ఆడే బొమ్మ

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాలంటే ఆ పేరంతా ఎవరూ చెప్పరు, సీటీసీ అంటే చాలు. అక్కడ కంప్యూటర్లు అసెంబుల్ చేసి అమ్మడం నా బతుకుతెరువు. పెంటియంలు పోయాయి, ఫ్లాపీలు పోయాయి, సీడీ డ్రైవ్ కావాలని అడిగేవాళ్లూ పోయారు. కౌంటర్ అవతల నుంచి వచ్చే ఒక ఫిర్యాదు మాత్రం పోలేదు. "అన్నా, సినిమా ఆగి ఆగి వస్తోంది." ఫిర్యాదు అదే, కారణం మాత్రం ఇన్నేళ్లలో చాలా ఇళ్లు మారింది.

మొదట అది ప్రాసెసర్‌లో ఉండేది. సినిమా సీడీల వీసీడీ ప్రమాణం 1993లో ఖరారైంది. 352 అడ్డం, 288 నిలువు చుక్కల బొమ్మ. సెకనుకి 1,150 కిలోబిట్ల వీడియో. ఒక డిస్కులో 74 నిమిషాలే పట్టేది కాబట్టి తెలుగు సినిమాకి రెండు డిస్కులు, పాటలు ఎక్కువైతే మూడు. ఇంటర్వెల్ ఎక్కడ పడాలో దర్శకుడు కాదు, డిస్కు తేల్చేది. ఆ కాస్త బొమ్మని విప్పి చూపడానికే అప్పటి ప్రాసెసర్లు రొప్పేవి. అందుకని ఎంపెగ్ కార్డు అని విడిగా ఒకటి బిగించేవాళ్లం. పెంటియంల వేగం పెరిగాక జింగ్ ప్లేయర్‌తో కార్డు లేకుండానే ఆడించడం మొదలైంది. చిన్న కిటికీలో చక్కగా ఆడేది, ఫుల్ స్క్రీన్ చేయగానే నత్తి మొదలు. బొమ్మని సాగదీసే పని డిస్‌ప్లే కార్డు చేయలేకపోతే అదీ ప్రాసెసర్ నెత్తినే పడేది మరి. ఇక గీతలు పడ్డ డిస్కు సంగతి వేరు. చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టడం తప్ప దానికి వైద్యం లేదు.

మేమిక్కడ కార్డులు బిగించుకుంటున్న రోజుల్లోనే పారిస్ పక్కన షాతనే-మలాబ్రీలో ఇంకో కథ నడుస్తోంది. అక్కడి ఎకోల్ సెంట్రాల్ అనే ఇంజనీరింగ్ కళాశాల హాస్టల్ నెట్‌వర్క్‌ని విద్యార్థులే నడుపుకునేవారు. పాత టోకెన్ రింగ్ పద్ధతి, నత్తనడక. కొత్తది కావాలి, ఎందుకంటే గేములు ఆడుకోవాలి. ఆ మాట చెబితే డబ్బు ఎవరిస్తారు? ఒకే శాటిలైట్ డిష్ పెట్టి, టీవీ ప్రసారాన్ని నెట్‌వర్క్ మీదుగా గదిగదికీ పంపుతామంటూ 1996లో వీడియోలాన్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. పంపే వైపు ఒక సర్వర్ ప్రోగ్రామ్, చూసే వైపు ఒక క్లయింట్. 1998లో దాన్ని మొదటినుంచీ తిరగరాశారు. 2001 ఫిబ్రవరి 1న జీపీఎల్ లైసెన్సుతో లోకానికి వదిలారు. ఆ క్లయింటే మన వీఎల్‌సీ. నారింజరంగు ట్రాఫిక్ కోన్ బొమ్మ కూడా ఆ కుర్రాళ్ల హాస్టల్ అల్లరి గుర్తే. ఇంట్లో మీడియా సర్వర్ అనగానే ఇప్పుడందరూ ప్లెక్స్ పేరే ఎత్తుతారు. నన్నడిగితే ఆ ఆలోచనకి పుట్టిల్లు ఆ హాస్టలే.

వీడియో నెట్‌వర్క్ మీదుగా రావడంతో, ఆగడానికి కారణం ప్రాసెసర్‌ని వదిలి తీగలోకి వచ్చింది. డిస్కు నుంచి డేటా ఒకే వేగంతో వస్తుంది. నెట్‌వర్క్‌లో ఒకసారి గబగబా, ఒకసారి ఆలస్యంగా. అందుకే ముందుగా కొంత దాచుకోవాలి. మన మంజీరా నల్లా ఎప్పుడొచ్చినా సంపు నిండి ఉంటే ఇంట్లో కుళాయి ఆగదు, బఫర్ చేసే పని అదే. వీఎల్‌సీ సెట్టింగుల్లో నెట్‌వర్క్ క్యాషింగ్ అని మిల్లీసెకన్లలో కనిపించేది ఆ సంపు సైజే. చాలామంది దాన్ని చూడనైనా చూడరు.

2001 చివర్లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వచ్చింది. 733 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 64 ఎంబీ మెమరీ, వెనక నెట్‌వర్క్ సాకెట్. అది గేమ్ డబ్బాలా కాక టీవీకి తగిలించిన కంప్యూటర్‌లా కనిపించింది కొందరు ఔత్సాహికులకి. 2002లో వాళ్లు రాసిన ఎక్స్‌బాక్స్ మీడియా ప్లేయర్ తర్వాత ఎక్స్‌బీఎంసీ అయింది, 2014లో కోడి అని పేరు మార్చుకుంది. పక్క గదిలోని కంప్యూటర్లో ఉన్న ఫైల్ హాల్లో టీవీలో ఆడటం చాలా ఇళ్లలో అలా మొదలైంది. సినిమాని 700 ఎంబీ సీడీలో ఇరికించే డివ్ఎక్స్ ఫైళ్ల కాలం అది. ఏవీఐ ఫైల్లో బొమ్మ ముక్క, ధ్వని ముక్క ఒకదాని పక్కన ఒకటి ఉండాలి. తెలిసీ తెలియక చేసినవాటిలో రెండూ దూరం దూరంగా ఉండేవి. హార్డ్‌డిస్క్ అయితే అటూ ఇటూ గెంతి తెచ్చుకునేది, వైర్‌లెస్ మీద ఆ గెంతులే ఆగడాలయ్యేవి. పైగా అప్పటి వైఫై డబ్బా మీద 11 ఎంబీపీఎస్ అని రాసి ఉంటే చేతికొచ్చేది అందులో సగం. డీవీడీ వీడియో మహా అయితే 9.8 వరకూ వెళ్తుంది. లెక్క మీరే వేసుకోండి.

2008లో ఇలాన్ ఫైన్‌గోల్డ్ అనే ప్రోగ్రామర్ ఎక్స్‌బీఎంసీని యాపిల్ మ్యాక్ మీదకి తెచ్చిన పని నుంచి ప్లెక్స్ పుట్టింది. తర్వాత అది సర్వర్‌గా, ప్లేయర్‌గా విడిపోయింది. టీవీకి అర్థంకాని ఫైల్‌ని సర్వర్ అప్పటికప్పుడు మార్చి పంపడం, అంటే ట్రాన్స్‌కోడింగ్, అందరికీ అలవాటైంది. దీని వెనక 2000లో ఫాబ్రిస్ బెల్లార్ మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్ ఉంది. 2018 డిసెంబరులో ఎంబీ (Emby) అనే ఇంకో మీడియా సర్వర్ కోడ్ నుంచి చీలిన జెల్లీఫిన్ కూడా దాని మీదే నడుస్తుంది. చూశారా, భారం మళ్లీ ప్రాసెసర్ మీదకే చేరింది. కాకపోతే ఈసారి అటక మీదున్న సర్వర్ ప్రాసెసర్. 2011లో ఇంటెల్ క్విక్ సింక్ అని వీడియో మార్చడానికే చిప్‌లో ప్రత్యేక భాగం పెట్టాక కొంత ఊపిరి పీల్చుకున్నాం.

కూకట్‌పల్లిలో ఒక పెద్దాయన ఇంటి సంగతి చెప్పాలి. చిన్న ప్రాసెసర్ ఉన్న నాస్ డబ్బాలో, అంటే నెట్‌వర్క్‌కి తగిలించే హార్డ్‌డిస్క్ పెట్టెలో, సినిమాలు దాచుకున్నారు. మామూలుగా బ్రహ్మాండంగా ఆడేవి. అమెరికా నుంచి మనవలు వస్తే మాత్రం నిమిషానికోసారి చక్రం తిరిగేది. "పిల్లలు ఫోన్లతో నెట్ అంతా లాగేస్తున్నారు, కొత్త రౌటర్ ఇవ్వు బాబూ" అన్నారు. దోషం పిల్లలది కాదు, వాళ్ల కోసం పెట్టిన ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌ది. బ్లూరే నుంచి వచ్చే సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, బొమ్మలు. వాటిని ఆ టీవీ యాప్ సొంతంగా చూపలేదు. సర్వర్ వాటిని ప్రతి ఫ్రేమ్ మీదా అతికించి, వీడియో మొత్తం కొత్తగా తయారుచేసి పంపాలి. ఆ నాస్ వల్ల అయ్యే పని కాదది. అవే మాటలు ఎస్ఆర్‌టీ టెక్స్ట్ ఫైలుగా పెడితే సరిపోయింది. రౌటర్ అమ్మలేదు. నా పక్క కౌంటర్‌వాళ్లు నన్ను వ్యాపారం చేతకానివాడంటారు, అననివ్వండి.

వైఫై వద్దు, తీగ లాగండి అని నేనెప్పుడూ చెబుతాను. 4కే టీవీల దగ్గర ఆ సలహా ఒక్కోసారి ఎదురు తంతుంది. వేలకు వేలు పోసి కొన్న టీవీల్లోనూ ఈథర్‌నెట్ సాకెట్ చాలావాటికి 100 ఎంబీపీఎస్‌దే. 4కే బ్లూరే నుంచి తీసిన ఫైల్ కొన్ని సన్నివేశాల్లో ఆ గీత దాటుతుంది. తీగతో ఆగే సినిమా అదే టీవీలో 5 గిగాహెర్ట్జ్ వైఫైతో సాఫీగా ఆడటం నేను కళ్లారా చూశాను.

ఇంకొకటి ఉంది, అది అసలు సర్వర్ తప్పే కాదు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, టీవీ తెర 60 సార్లు వెలుగుతుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర. అందుకని ఒక ఫ్రేమ్‌ని రెండుసార్లు, తర్వాతిదాన్ని మూడుసార్లు చూపిస్తారు. కెమెరా మెల్లగా పక్కకి తిరిగినప్పుడల్లా ఆ తేడా కుదుపుగా కనిపిస్తుంది. చక్రం తిరగదు, ధ్వని ఆగదు, బొమ్మ మాత్రం తడబడుతుంది. ప్లేయర్‌లో ఫ్రేమ్ రేట్ సరిపోల్చే సెట్టింగు ఆన్ చేస్తే చాలావరకూ పోతుంది. దీనికోసం సర్వర్లు మార్చినవాళ్లు కూడా ఉన్నారు.

కాబట్టి కొత్త డబ్బా కొనడానికి బయల్దేరే ముందు ఒక్క పని చేయండి. సినిమా ఆగుతున్నప్పుడే సర్వర్ డాష్‌బోర్డ్ తెరిచి డైరెక్ట్ ప్లే (ఫైల్‌ని మార్చకుండా పంపడం) అని ఉందో, ట్రాన్స్‌కోడ్ అని ఉందో చూసి ఫోటో తీసుకోండి. ఆ ఫోటో చూపించకుండా రౌటర్ అడిగితే, నా షాపులో అయితే ఇవ్వను.