మొవ్వు విరిగిన ఉద్దానం

2018 అక్టోబరు 10న ఇన్శాట్-3డి ఉపగ్రహం పంపిన చిత్రాల్లో మన దేశానికి రెండు పక్కలా రెండు సుడులు కనిపిస్తాయి. పడమట అరేబియా సముద్రంలో లుబాన్, తూర్పున బంగాళాఖాతంలో తిత్లీ. రెండూ ఆ రోజుకి అతి తీవ్ర తుపానులే. ఒకే వేళ రెండు సముద్రాల్లోనూ అంతటి తుపానులు తిరగడం వాతావరణ శాఖ వాళ్లకే అరుదైన దృశ్యం. తుపాను బొమ్మలు దాచుకునే అలవాటున్న నాలాంటివాళ్లకు అదొక పండగ. సిగ్గుపడాల్సిన మాటే, కానీ ఆ బొమ్మ అందంగా ఉంటుంది.

లుబాన్ తాపీగా నడిచి 14వ తేదీన యెమెన్ తీరం చేరింది. తిత్లీకి అంత ఓపిక లేదు. 8న వాయుగుండం, 9న తుపాను, మర్నాటి మధ్యాహ్నానికల్లా అతి తీవ్ర తుపాను. 11వ తేదీ తెల్లవారుజామున నాలుగున్నరకీ ఐదున్నరకీ మధ్య పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురు వచ్చినప్పుడు 165.

అది దాటిన చోట ఉద్దానం ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఆ చుట్టుపక్కల ఊళ్లు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు దూరంగా మహేంద్రగిరి. ఇసుక నేలలో కొబ్బరి, దాని నీడన పనస, జీడిమామిడి, అరటి. ఉత్తరాంధ్ర కోనసీమ అని మురిపెంగా చెప్పుకునే సీమ. తాత నాటితే మనవడు కాయ దింపుకునేవాడు. పెళ్లి ఖర్చు, పిల్లాడి ఫీజు, ఇక్కడ చాలామందిని పట్టిన, ఎందుకొస్తుందో ఇప్పటికీ తేలని కిడ్నీ జబ్బుకి మందులు, అన్నీ ఆ దింపు మీదే గట్టెక్కాలి. బ్యాంకులో డబ్బు లేని ఇంటికి కూడా దొడ్లో నలభై చెట్లుంటే అప్పు పుట్టేది.

తిత్లీ తీరం దాటడానికి ముందు రోజే దేవీ నవరాత్రులు మొదలయ్యాయి. అమావాస్య వెళ్లి రెండు రోజులు కాలేదు, చిమ్మచీకటి. ఉపగ్రహానికి మాత్రం చీకటి అడ్డు కాదు, పరారుణ కిరణాలతో మేఘాల పైకప్పు ఎంత చల్లగా ఉందో చూస్తుంది. మనం చూసే ఎరుపులూ పసుపులూ ఆ చలికి మనుషులు అద్దిన రంగులు. మన సముద్రాల్లో తుపాను లోపలికి విమానం పంపి కొలిచే ఆనవాయితీ లేదు కనుక, మేఘం చుట్టుకున్న తీరు చూసి గాలి బలం అంచనా కడతారు. 1970లలో అమెరికా శాస్త్రవేత్త వెర్నన్ డ్వొరాక్ నేర్పిన విద్య అది. 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి తీసిన ఆ పరారుణ చిత్రంలో ఒక్కో చుక్క నాలుగు కిలోమీటర్ల నేల. ఒక ఊరు, దాని చెరువు, దాని తోటలన్నీ కలిపి ఒకే చుక్కలో ఇమిడిపోతాయి. కవిటి ఆ రాత్రి అలాంటి కొన్ని చుక్కలు.

ఆ బొమ్మ చేసిన మేలు తక్కువది కాదు. హెచ్చరిక ముందే అందింది, తీరపు పల్లెల జనం పక్కా భవనాల్లోకి చేరారు. 1977లో దివిసీమలో వేలమందిని మింగిన సముద్రం ఈసారి అంత తినలేకపోయింది. ఒడిశాలో మాత్రం గజపతి జిల్లా బరఘర దగ్గర వానకి తడవకుండా కొండ గుహలో తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా పోయారు. తీరం మీద కన్నేసిన చూపు అంత లోపలి కొండ దాకా పోలేదు.

కాళ్లున్నవాళ్లు కదిలారు. కొబ్బరి చెట్టు ఎక్కడికి కదులుతుంది?

గాలి మొదట ఆకుల్ని ఒకవైపుకి దువ్వుతుంది. ఆ తర్వాత మొవ్వుని పట్టుకుని మెలిపెడుతుంది. కొబ్బరికి పెరిగే చోటు అదొక్కటే. మామిడి కొమ్మ విరిగితే పక్కన చిగురేస్తుంది, కొబ్బరికి మొవ్వు పోతే ప్రాణం పోయినట్టే. కొన్ని వేళ్లతో సహా లేచాయి, కొన్ని నడిమికి విరిగాయి. నిలబడే ఉన్నవి చూసి ఆశపడ్డవాళ్లకి నెలలు గడిచాక అవీ ఎండిపోయి కనబడ్డాయి. జీడిమామిడి కొమ్మలు విస్తరిల్లి ఉంటాయి కనుక వేళ్లతోనే బోర్లాపడ్డాయి. కరెంటు స్తంభాలు వేలల్లో ఒరిగాయి, వంశధార పొంగింది. అవన్నీ వార్తలయ్యాయి. స్తంభాలు వారాల్లో మళ్లీ లేచాయి కూడా.

తోటల్లో మిగిలింది కళేబరాల పని. అడ్డంగా పడ్డ మానులు కోయించి, లాగించి, బయట పారేయాలి. ఊరంతా ఒకేసారి పడిపోతే ఆ కలప ఎవరికి కావాలి? అలాగే వదిలేస్తే కుళ్లుతున్న మానులో కొమ్ము పురుగు గుడ్లు పెట్టి, బతికిన చెట్ల మొవ్వులోకి దూరుతుంది. పరిహారం చెట్టుకింత అని కట్టారు. నేల మీద పడ్డదాన్ని లెక్కపెట్టడం తేలికే. మొవ్వు తిరిగి, పచ్చగానే కనిపిస్తూ, సంక్రాంతి దాటాక చచ్చే చెట్టుని ఏ పద్దులో రాయాలి?

ఇదేమీ మొదటి దెబ్బ కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర దాటుతూ ఈ తోటల్ని ఒక తోపు తోసింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని చిదిమింది. ఆ రెండింటి బొమ్మలూ లోకమంతా తిరిగాయి. తిత్లీ కన్ను అంత పేరుకెక్కలేదు, మూడు రోజుల తుపాను కదా. నన్నడిగితే మూడింటిలో ఎక్కువ కాలం బతికే నష్టం దీనిదే. విశాఖ విమానాశ్రయానికి కప్పు మళ్లీ వేసుకున్నారు. అరవై ఏళ్ల కొబ్బరి తోటని వేయడానికి అరవై ఏళ్లు పడుతుంది, టెండర్లు పిలిచి త్వరపెట్టలేం.

మళ్లీ నాటారు. దేశవాళీ మొక్క అయితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు, నిండుగా కాయడానికి పదేళ్లు దాటుతుంది. పొట్టి రకాలూ సంకర రకాలూ ముందే కాస్తాయి, కానీ తాతల నాటి పొడుగు చెట్టంత ఆయుష్షు పొట్టిదానికి ఉండదు. ఏది నాటాలన్నది రైతు వయసుని బట్టి ఉంటుంది. అరవై దాటినవాడు పొట్టి రకం అడుగుతాడు. కొడుకు హైదరాబాదులోనో చెన్నైలోనో పనిలో కుదురుకుని, తిరిగొస్తాడో రాడో తేలనివాడు ఏమీ నాటకుండా ఆగుతాడు.